వర్షారణ్యంలో రాత్రి బస: సందేహాలు – సమాధానాలు

పడమటి కనుమల్లో వానలు తెరిపిస్తున్నాయంటే ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ ఒకే విషయం మీద ఉన్నాయి: సొంత టెంట్‌తో అడవిలో పడుకోవడం. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చాను.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. అందరికీ సొంత టెంట్లున్నాయి. డిసెంబరులో కుద్రేముఖ్ ఎక్కి, ఆ రాత్రి కొండ మీదే ఉండి, సూర్యోదయం చూసి దిగాలనుకుంటున్నాం. చెత్త వేయం, గోల చేయం. ప్రభుత్వ అడవే కదా, పౌరులుగా మాకు ఆ మాత్రం హక్కు లేదా?
– కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: లేదండీ. మీరు చూసే వీడియోలు బహుశా నార్వేవో, స్కాట్లండ్‌వో అయివుంటాయి. అక్కడ సాగులో లేని నేల మీద ఒకటి రెండు రాత్రులు టెంట్ వేసుకునే హక్కును చట్టమే ఇచ్చింది. మన చట్టం అలా మొదలవదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో అడుగు పెట్టడానికే కాదు, అక్కడ ఉండడానికి కూడా అనుమతి కావాలి. ఉద్యోగ ధర్మం మీద వెళ్లేవారు, అక్కడ భూమి మీద హక్కున్నవారు, ప్రభుత్వ రహదారి మీద సాగిపోయేవారు వంటి కొద్దిమందికే మినహాయింపు. మిగతావాళ్లు 28వ సెక్షన్ కింద పర్మిట్ తీసుకోవాలి. పర్యాటకం కూడా పర్మిట్ ఇవ్వదగిన కారణాల్లో ఒకటే కాబట్టి తలుపు పూర్తిగా మూసుకోలేదు. అయితే పొద్దున ఎక్కి సాయంత్రం దిగడానికి ఇచ్చిన పర్మిట్ రాత్రి పడుకోవడానికి చెల్లదు. జాతీయ ఉద్యానాలకు 35వ సెక్షన్ ద్వారా ఇవే నిబంధనలు వర్తిస్తాయి. కుద్రేముఖ్ 1987 నుంచి జాతీయ ఉద్యానం. అక్కడ శిఖరం మీదగానీ దారిలోగానీ టెంట్ వేయనివ్వరు.

ఎందుకని మీరు అడగకపోయినా చెబుతాను. ఆ కొండల్లో లోయల మడతల్లో చిక్కటి చిట్టడవులుంటాయి, వాటిని షోలాలంటారు. వాటి మధ్య కొండల వీపులన్నీ పచ్చిక. పగలు షోలాల నీడలో ఉండే అడవిదున్నలు, కణుజులు చీకటి పడ్డాక మేతకు పచ్చిక మీదికి వస్తాయి. టెంట్‌కు బాగుందని మీకు తోచే చదునైన పచ్చికే వాటి మేతబీడు. మనం ఏ గోలా చేయక్కర్లేదు. అక్కడ మన వాసన, మన లైటు ఉంటే చాలు, ఆ రాత్రి అవి షోలా దాటి రావు. ఇరవై టెంట్లు వరసగా వారాంతాలు పడితే అవి ఆ బీడునే వదిలేస్తాయి.

తెలుగువాళ్లుగా మనకు ఆ కొండలతో ఇంకో బంధం ఉంది. తుంగ, భద్ర రెండూ పుట్టేది ఆ ఉద్యానంలోని గంగామూలలోనే. వానాకాలం నీటిని షోలాలూ పచ్చికా పీల్చి, నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతాయి. ఆ నీరే తుంగభద్రై మంత్రాలయం మీదుగా కర్నూలుకు వస్తుంది. ఆ కొండల్లోనే దశాబ్దాలపాటు ఇనుప ఖనిజం తవ్వారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 చివర ఆ తవ్వకం ఆగింది. అంత పోరాడి మిగుల్చుకున్న కొండ అది.

మీరు చేయగలిగింది ఇది. కర్ణాటక అటవీశాఖవారి ‘అరణ్య విహార’ వెబ్‌సైట్‌లో నలుగురి పేర్లతో, గుర్తింపు కార్డులతో ముందే బుక్ చేసుకోండి. రోజుకు ఇంతమందే అని పరిమితి ఉంటుంది. రాత్రికి సంసె, కళస వైపు హోమ్‌స్టేలో దిగండి. తెల్లవారుజామునే ముళ్లోడి చేరి నడక మొదలుపెడితే సాయంత్రానికి సుఖంగా తిరిగి వస్తారు.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరు పడమటి కనుమల్లో రెండు రాత్రుల టెంట్ ప్యాకేజీ పెట్టారు. “పర్మిషన్లన్నీ మేమే చూసుకుంటాం” అంటున్నారు. నమ్మవచ్చా?
– విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ఆ ఒక్క మాట మీదైతే నమ్మకండి. నోటి మాటగా చెప్పే పర్మిషన్లు నీటి మూటలు. డబ్బు కట్టకముందే ఒక ప్రశ్న అడగండి: టెంట్లు వేసేది అటవీ భూమిలోనా, పట్టా భూమిలోనా? అటవీ భూమి అయితే ఏ డివిజన్, ఏ రేంజ్ అన్నది చెప్పగలగాలి. పర్మిట్ మీద మీ పేరు, తేదీ, నడిచే దారి ఉండాలి. “గ్రూపు మీద తీసుకున్నాం, అక్కడికొచ్చాక చూపిస్తాం” అంటే ఆగిపోండి. ఆ రేంజ్ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి కనుక్కోవడం తప్పు కాదు. నిజాయతీగా నడిపేవాళ్లు అందుకు నొచ్చుకోరు.

పట్టా భూమి, కాఫీ తోట అంటే కూడా నిశ్చింత పడకండి. 2021 జనవరిలో వయనాడ్ జిల్లా మేప్పాడి దగ్గర ఒక రిసార్టు టెంట్లలో బస చేసిన ఉపాధ్యాయినిని అడవి ఏనుగు చంపింది. అడవి అంచున అనుమతుల్లేకుండా వెలిసిన టెంట్ల మీద అధికారులు కదిలింది ఆ తర్వాతే. సర్వే రాళ్లకు ఇవతల మనం భద్రం, అవతల ఏనుగు అనే లెక్క అక్కడ పనిచేయదు. తోటకు హోమ్‌స్టేగా నమోదు ఉందా, రాత్రి కాపలా ఉందా, గుడ్డ టెంటా గోడలున్న గదా, ఇవన్నీ అడగాల్సిందే.

ఇది నాకు పుస్తకాల్లోంచి వచ్చిన జాగ్రత్త కాదు. పాతికేళ్ల వయసులో స్నేహితులతో కలిసి ఒక ఏజెంటు మాట మీద కనుమల్లో ఒక వాగు పక్కన పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక వెదుళ్లు విరుగుతున్న చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు, అది ఇంకా భయం. తెల్లారి చూస్తే మా టెంట్‌కు పదడుగుల్లో ఏనుగు అడుగులు, వాటి గుంటల్లో నీళ్లు. పొద్దున్నే వచ్చిన వాచర్ మమ్మల్ని తిట్టలేదు. వాగులోకి ఏనుగులు దిగడానికి వీలున్న చోటు అదొక్కటేనని, మేం దానికి అడ్డంగా పడుకున్నామని మాత్రం చెప్పాడు. పిల్లలున్న గుంపు ఆ రాత్రి దాహంతో వెనక్కి తిరిగింది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ప్రశ్న: వర్షారణ్యం ఎప్పుడూ తడిగానే ఉంటుంది కదా. చిన్న చలిమంట వేసుకుంటే అంటుకునేదేముంది? పోనీ గ్యాస్ స్టవ్ అయినా వాడుకోవచ్చా?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మంట వద్దు. అభయారణ్యంలో దానికి ముప్పు కలిగేలా నిప్పు పెట్టడం, రాజేయడం, ఆరకుండా వదిలేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ కింద నేరం. రిజర్వు అడవులకు 1927 అటవీ చట్టం, ఆయా రాష్ట్రాల అటవీ చట్టాలు ఇదే చెబుతాయి. స్టవ్ సంగతి పర్మిట్ మీద ఏమి రాసివుందో దాన్ని బట్టి. రాయకపోతే వద్దని అర్థం చేసుకోండి. పులిహోర, చపాతీలు, అటుకులు మూటగట్టుకు వెళితే ఒక రోజు నడకకు స్టవ్ అవసరమే రాదు.

తడి అడవి గురించి మీరన్నది సగమే నిజం. జనవరి దాటాక షోలాల మధ్య పచ్చిక ఎండి గడ్డివామిలా తయారవుతుంది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్లినవాళ్లను ఆ ఎండుగడ్డి మంటే చుట్టుముట్టింది. 20 మందికి పైగా చనిపోయారు. నిటారు వాలు మీద మంట పైకి పాకే వేగాన్ని మనిషి కాళ్లు అందుకోలేవు. ఆ దుర్ఘటన తర్వాతే తమిళనాడు ఆ ఏడాది ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. నిప్పుల కాలంలో అటవీశాఖ దారులు మూసేస్తే విసుక్కునేవాళ్లు ఆ రోజును ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇక తడిగానే ఉండే లోపలి అడవిలో ‘ఎండు పుల్లలేగా ఏరుకుంటాం’ అంటారు. వర్షారణ్యం నేల పైకి కనిపించినంత సారవంతం కాదు. కుండపోత వానలకు సారం కొట్టుకుపోతూనే ఉంటుంది. మిగిలినదంతా చెట్లలో, రాలిన ఆకుల్లో, కుళ్లుతున్న కొమ్మల్లో ఉంటుంది. మీరు పుల్ల అనుకునేది ఒక కప్పకు ఇల్లు, పుట్టగొడుగుకు తిండి, పక్కనున్న చెట్టుకు రేపటి ఎరువు. టెంట్ చుట్టూ నీళ్లు పోవడానికి కాలువ తీయడం కూడా అందుకే మానుకోవాలి. ఒక్క పొరగా ఉన్న ఆ మట్టిని కోస్తే తర్వాతి వానకు అది అక్కడ ఉండదు.

ప్రశ్న: అనుమతి లేనిచోట టెంట్ వేశామని సిబ్బంది పట్టుకుని డబ్బు కట్టించుకున్నారు. రసీదు ఇవ్వలేదు. ఇది సరైనదేనా?
– బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీరు చేసింది తప్పే. వన్యప్రాణి చట్టం కింద ఇలాంటి ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చిన్న నేరాలను డబ్బు కట్టించుకుని రాజీ చేసే అధికారం చట్టం కొందరు అధికారులకు ఇచ్చింది. అయితే కట్టిన ప్రతి రూపాయికీ కాగితం ఉండాలి. రసీదు అడగడం మీ హక్కు. ఆ డివిజన్ అటవీ అధికారికి (డి.ఎఫ్.ఓ.) తేదీ, స్థలం, మొత్తం రాసి లేఖ పంపండి. అందులో మీ తప్పును కూడా దాచకుండా రాయండి.

ప్రశ్న: అడవిలో అధికారికంగా రాత్రి ఉండనిచ్చే నడక ఒక్కటైనా ఉందా? అగస్త్యకూడం గురించి విన్నాను. ఆడవాళ్లను రానివ్వరని కూడా విన్నాను.
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ఉంది. మీరు విన్న అగస్త్యకూడమే అది. ఆడవాళ్లు నిస్సందేహంగా వెళ్లవచ్చు. 2018లో కేరళ హైకోర్టు ఆ అడ్డు తొలగించింది, 2019 జనవరి నుంచి స్త్రీలు శిఖరం ఎక్కుతున్నారు. అగస్త్య మహర్షి ఉన్న చోటుగా భావించే ఆ కొండ కాణి గిరిజనులకు పూజనీయం. స్త్రీల రాక మీద వారిలో కొందరు అప్పట్లో నిరసన తెలిపారు. అయినా అటవీశాఖ ఇచ్చే దారిచూపరులలో కాణీలుంటారు, నడకలో మీ భద్రత వారి చేతుల్లోనే ఉంటుంది. శిఖరం మీది అగస్త్యుడి విగ్రహం దగ్గర వారి మర్యాదను పాటించండి.

నడక తిరువనంతపురం జిల్లా బోణక్కాడ్ దగ్గర మొదలవుతుంది. రానూపోనూ సుమారు 40 కిలోమీటర్లు, మూడు రోజులు. రాత్రి బస అతిరుమల బేస్ క్యాంపులో, అటవీశాఖ షెడ్లలో. సొంత టెంట్ ఇక్కడ కూడా కుదరదు. మామూలుగా జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకానే తెరుస్తారు. రోజుకు 100 మంది ప్రాంతంలో పంపుతారు. కేరళ అటవీశాఖ వెబ్‌సైట్‌లో జనవరి మొదట్లో బుకింగ్ తెరవగానే చోటు అయిపోతుంది కాబట్టి గుర్తింపు కార్డు వివరాలు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. ఆరోగ్యం బాగుందని డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ప్లాస్టిక్, మద్యం తేకూడదు. సామాను తనిఖీ చేస్తారు. 1,868 మీటర్ల శిఖరానికి ముందు బండ మీద తాళ్లు పట్టుకుని ఎక్కాలి, వాన పడితే ఆపేస్తారు. ఆపితే వాదించకండి.

ఈ దారిలో నడిచేవారికి ఒక విషయం చెప్పాలనిపిస్తుంది. 1987లో ఇదే అడవుల్లో తిరుగుతున్న శాస్త్రవేత్తలు తమకు దారి చూపుతున్న కాణీలు అలసట లేకుండా నడవడం గమనించారు. వాళ్లు నములుతున్నది ‘ఆరోగ్యపచ్చ’ అనే చిన్న మొక్క కాయలు. దాని నుంచి ‘జీవని’ అనే మందు తయారైంది. ఆ రాబడిలో కాణీలకు వాటా ఇచ్చారు. సంప్రదాయ జ్ఞానానికి దక్కాల్సింది దక్కిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా దీన్ని ఇప్పటికీ ప్రపంచమంతా చెప్పుకుంటుంది. అలాగని దారిలో మొక్కలు పీకకండి. అదీ నేరమే.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో శివమొగ్గ జిల్లా అడవులకు వెళ్తానంటున్నాడు. జలగల గురించి భయంగా ఉంది.
– అనంతపురం నుంచి ఒక తల్లి

సమాధానం: అమ్మా, జలగల గురించి బెంగ పడకండి. జలగ రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వదులుతుంది కాబట్టి కాసేపు రక్తం కారుతుంది, అంతే. మోకాలిదాకా వచ్చే నేత మేజోళ్లు వేసుకుంటే చాలావరకు ఆగుతాయి. పట్టుకున్నదాన్ని గోరుతో పక్కకు నెట్టితే వదులుతుంది, ఉప్పు చల్లక్కర్లేదు.

మీ అబ్బాయి భయపడాల్సింది పిడుదులకు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోతుండగా ఒక కొత్త జ్వరం బయటపడింది. ఆ అడవి పేరే దానికి పెట్టారు. కన్నడంలో దాన్ని ‘మంగన కాయిలె’, అంటే కోతి జబ్బు అంటారు. రాలిన ఆకుల్లో ఉండే చిన్న పిడుదులు కుట్టడం వల్ల మనిషికి వస్తుంది. నవంబరు నుంచి మే దాకా దాని కాలం. వానలు తగ్గి అందరూ నడకకు బయల్దేరే కాలం కూడా అదే. ఆకుల మీద టెంట్ వేసి పడుకోవడాన్ని నేను అంత గట్టిగా వద్దనడానికి ఇదొక కారణం.

నిండు చేతుల చొక్కా, ప్యాంటు అంచులు మేజోళ్లలో దోపడం, ఆరోగ్యశాఖ సూచించే డెపా నూనె రాసుకోవడం, తిరిగొచ్చాక వేడినీళ్ల స్నానం చేసి చంకలు, గజ్జలు, చెవుల వెనక వెతుక్కోవడం, ఇవి చేస్తే చాలు. చచ్చిన కోతి కనబడితే దగ్గరికి పోకుండా అటవీ సిబ్బందికి చెప్పాలి. ఆ కబురు మీదే వాళ్లు ఆ పరిసరాలను మూసేస్తారు.

ఒక మాట మాత్రం మీరు గుర్తుంచుకోండి. పిడుదు కుట్టిన మూడు నుంచి ఎనిమిది రోజులకు జ్వరం వస్తుంది. అప్పటికి పిల్లవాడు ఇంటికి చేరివుంటాడు. హఠాత్తుగా జ్వరం, తలపోటు, ఒళ్లంతా తీవ్రమైన నొప్పులు అంటే ఇక్కడి డాక్టరు సహజంగా డెంగీ అనుకుంటాడు. శివమొగ్గ అడవుల్లో తిరిగి వచ్చాడన్న సంగతి అడగకపోయినా మొదటే చెప్పండి.

ప్రశ్న: మేం సియాటిల్ దగ్గర ఉంటాం. వేసవిలో హో వర్షారణ్యంలో టెంట్ వేయాలని ఉంది. ఇండియా నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వస్తున్నారు. అక్కడైనా ఎక్కడపడితే అక్కడ ఉండవచ్చా?
– బెల్‌వ్యూ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ఎక్కడపడితే అక్కడ కుదరదు గానీ, మీకు మాకంటే చాలా వెసులుబాటు ఉంది. ఒలింపిక్ జాతీయ ఉద్యానంలో లోపలి అడవిలో గడిపే ప్రతి రాత్రికీ విల్డర్‌నెస్ పర్మిట్ కావాలి. రిక్రియేషన్ డాట్ గవ్‌లో తీసుకోవాలి. పదహారేళ్లు నిండినవారికి మనిషికి రాత్రికి 8 డాలర్లు, పైన బుకింగ్ రుసుము. ఒక బృందంలో 12 మందికి మించకూడదు. హో నది వెంబడి ఫైవ్ మైల్ ఐలాండ్ వంటి చోట్ల గుర్తించిన స్థలాలున్నాయి.

అక్కడ గ్రిజ్లీలు లేవు, నల్ల ఎలుగుబంట్లున్నాయి. అందుకే తిండి విషయంలో నియమాలు కఠినం. ఆవకాయ సీసా, పోపు పెట్టిన పులిహోర, చివరికి టూత్‌పేస్టు కూడా టెంట్‌లో ఉంచకూడదు. వాసన వచ్చే ప్రతిదీ ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలోకి వెళ్లాలి. ఆ ఉద్యానంలో చాలా చోట్ల ఆ డబ్బా తప్పనిసరి. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ శిబిరాల మీదికి వస్తుంది. చివరికి దాన్ని చంపాల్సి రావచ్చు.

అత్తయ్యగారు, మామయ్యగారితో అయితే లోపలికి నడవకండి. రోడ్డు పక్కనే ఉన్న హో క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు బుక్ చేసుకోండి, దానికి విల్డర్‌నెస్ పర్మిట్ అక్కర్లేదు. అక్కడి నుంచి ‘హాల్ ఆఫ్ మాసెస్’ చుట్టు నడక మైలు కూడా ఉండదు. నాచు జడలు వేలాడే ఆ మేపుల్ చెట్ల కింద పెద్దవాళ్లు తాపీగా నడవవచ్చు. బయల్దేరేముందు రోడ్డు సంగతి కనుక్కోండి. 2024 డిసెంబరు వరదకు కొట్టుకుపోయిన అప్పర్ హో రోడ్డు మళ్లీ తెరిచేసరికి 2025 మే వచ్చింది. వాన కోటు వేసవిలోనూ మరవకండి. అక్కడ ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. మన పడమటి కనుమల్లోని అగుంబెలో పడేది దానికి రెట్టింపు.

ప్రశ్న: అంత దూరాలు ఎందుకు, మన మారేడుమిల్లిలో వాగు పక్కన సొంత టెంట్ వేసుకోవచ్చా?
– కాకినాడ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మారేడుమిల్లి అచ్చమైన వర్షారణ్యం కాదు గానీ, తూర్పు కనుమల్లో తడి, పచ్చదనం ఎక్కువగా మిగిలిన అడవి. రిజర్వు అడవిలో వాగు పక్కన టెంట్ 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా కుదరదు. పైగా అది ఏజెన్సీ ప్రాంతం, కొండరెడ్ల ఊళ్లున్న చోటు. అడవి దాటి ఊరి పొలిమేరలో వేసినా అది మరొకరి వాకిలి. ఆ ఊరివాళ్లను అడగకుండా గుంజ పాతకండి.

అటవీశాఖ ఆధ్వర్యంలో వన విహారిలోనూ, వాలమూరు దగ్గర జంగిల్ స్టార్‌లోనూ బస ఉంది. వాలి సుగ్రీవుల కథ చెప్పుకునే చోటు అది, వాగు చప్పుడు వింటూ పడుకోవచ్చు. శీతాకాలం వారాంతాల్లో చోటు దొరకడం కష్టం, మామూలు రోజుల్లో వెళ్లండి. ఘాట్ రోడ్డు చీకటి పడకముందే దాటేలా మధ్యాహ్నానికల్లా రంపచోడవరం చేరుకోండి.